సుదూర మంచు శకలం పక్కనుంచి వ్యోమనౌక వెళ్లే రోజు: ఎప్పుడు ఏం కనిపిస్తుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ వ్యోమనౌక నెప్ట్యూన్‌కు అవతల ఉన్న చిన్న మంచు శకలం అరోకోత్‌ను దాటుతుంటే మీరు గంటల తరబడి స్క్రీన్ ముందు కాచుకుని కూర్చున్నారు. చివరికి వచ్చింది మసక మసకగా ఉన్న ఒక చిన్న బొమ్మ. 2027లో లూసీ వ్యోమనౌక గురుగ్రహ కక్ష్యలో తిరిగే ట్రోజన్ శకలాల దగ్గరికి చేరుతోంది కాబట్టి, ఈసారి ఎప్పుడు ఏం కనిపిస్తుందో ముందే తెలుసుకునే దారి ఉందా? మీ దగ్గరున్న చిన్న టెలిస్కోప్ ఇందులో ఎందుకైనా పనికొస్తుందా?

సూటిగా చెబుతాను. వ్యోమనౌక అత్యంత దగ్గరగా వెళ్లే ఘడియలో లైవ్ ఉండదు, ఉండే వీలూ లేదు. చిన్న శకలమైతే ఆఖరి రెండు మూడు రోజుల దాకా అది చుక్కగానే కనిపిస్తుంది. మంచి చిత్రాలు దాటిపోయిన మర్నాటి నుంచి మొదలై వారాలు, నెలల పాటు వస్తాయి. ఏ రోజున ఎంత స్పష్టంగా కనిపిస్తుందో మీరే లెక్క వేసుకోవచ్చు, కాగితం మీద ఒక్క భాగహారం చాలు. మీ టెలిస్కోప్‌కు కూడా పని ఉంది, అయితే ఆ పని ఫ్లైబై నాడు, అంటే నౌక శకలం పక్కనుంచి దూసుకెళ్లే రోజున కాదు, దానికి చాలా ముందు.

నేను చాలా ఏళ్లుగా రెండు పనులు చేస్తున్నాను. శకలాలు నక్షత్రాలకు అడ్డు వచ్చే ఘట్టాలను, అంటే ఆకల్టేషన్లను, టైమింగ్ చేయడం ఒకటి. మిషన్లు విడుదల చేసే రా ఇమేజ్‌లను, అంటే ముడి చిత్రాలను, ప్రాసెస్ చేయడం రెండోది. కింద రాసినదంతా ఆ అనుభవంతోనే.

ముందు లైవ్ సంగతి. న్యూ హొరైజన్స్‌కు 2.1 మీటర్ల డిష్ యాంటెన్నా ఉంది. అది నౌక ఒంటికే బిగించి ఉంటుంది. కెమెరాలు కూడా అంతే, విడిగా తిరిగే మెడ వాటికి లేదు. ఫొటో తీయాలంటే నౌక మొత్తం శకలం వైపు తిరగాలి, తిరిగితే డిష్ భూమి వైపు ఉండదు. కాబట్టి ఫొటో తీస్తున్నప్పుడు మాట్లాడలేదు, మాట్లాడుతున్నప్పుడు ఫొటో తీయలేదు. పైగా అప్పుడు దూరం 660 కోట్ల కిలోమీటర్లు, సిగ్నల్ ఒకవైపు రావడానికే ఆరు గంటలు దాటుతుంది. ఏదైనా తేడా వస్తే ఇక్కడినుంచి సరిచేసే అవకాశమే లేదు. ఏ సెకనులో ఎటు తిరగాలి, ఏ కెమెరా ఎంతసేపు తెరవాలి అన్న కమాండ్లన్నీ ముందే ఎక్కించి పెట్టారు. అత్యంత దగ్గరగా వెళ్లింది అంతర్జాతీయ సమయం ప్రకారం ఉదయం 5:33కి. అంతా క్షేమం అన్న సిగ్నల్ భూమికి అందింది దాదాపు పది గంటల తర్వాత, 15:29కి. ఆ సిగ్నల్‌లో ఉన్నది నౌక ఆరోగ్యం వివరాలే, ఫొటోలు లేవు. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్లు అంతగా చప్పట్లు కొట్టింది నౌకలోని రికార్డర్‌లో డేటా ఉందని తెలిసినందుకు.

లూసీ కెమెరాలు తిరిగే వేదిక మీద ఉన్నాయి, అంచేత శకలాన్ని వెంటాడి చూడటం దానికి సులువు. అయినా 2025 ఏప్రిల్ 20న డోనాల్డ్‌జోహాన్సన్ శకలాన్ని దాటేటప్పుడు అది కూడా యాంటెన్నాను భూమి నుంచి పక్కకు తిప్పుకోవలసి వచ్చింది. కాబట్టి 2027లోనూ మౌనం ఉంటుందనుకునే ప్లాన్ చేసుకోండి. ట్రోజన్లు ఉన్నది గురుగ్రహ కక్ష్యలో కాబట్టి సిగ్నల్ ఆలస్యం ముప్పావు గంట అటూఇటూగా ఉంటుంది, ఆరు గంటలు కాదు. డేటా కూడా చాలా వేగంగా వస్తుంది.

ఇప్పుడు ఆ భాగహారం. న్యూ హొరైజన్స్‌లోని లోరీ కెమెరాకు 20.8 సెంటీమీటర్ల అద్దం ఉంది, ఒక్కో పిక్సెల్ సుమారు 5 మైక్రోరేడియన్ల కోణం (మైక్రోరేడియన్ అంటే రేడియన్‌లో పదిలక్షో వంతు) చూస్తుంది. అంటే దూరాన్ని 2 లక్షలతో భాగిస్తే ఒక పిక్సెల్‌లో ఎన్ని కిలోమీటర్లు పడతాయో వస్తుంది. 10 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి ఒక పిక్సెల్‌కు 5 కిలోమీటర్లు. దీన్ని మీరు చూసిన మసక బొమ్మకు వేసి చూడండి. అది డిసెంబర్ 31న, సుమారు 5 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి తీసినది. పిక్సెల్‌కు రెండున్నర కిలోమీటర్లు. అరోకోత్ పొడవు సుమారు 36 కిలోమీటర్లు కాబట్టి మొత్తం బొమ్మ పొడవునా పద్నాలుగు పిక్సెళ్లు. అంతకంటే వివరం ఆ ఫొటోలో లేదు, ఎవరు ఎంత ప్రాసెస్ చేసినా రాదు. మర్నాడు జనవరి 2న విడుదలైన, రెండు ముద్దలు అతుక్కున్నట్టు కనిపించే చిత్రం దాటడానికి అరగంట ముందు సుమారు 28 వేల కిలోమీటర్ల నుంచి తీసినది. భాగిస్తే పిక్సెల్‌కు 140 మీటర్లు. అన్నిటికంటే స్పష్టమైనది ఆరున్నర నిమిషాల ముందు, సుమారు 6,600 కిలోమీటర్ల నుంచి తీసినది. పిక్సెల్‌కు 33 మీటర్లు. అది జనాలకు చేరింది ఫిబ్రవరి మూడో వారం తర్వాతే.

మీలాగే చాలామంది నన్ను అడిగిన మాట ఒకటుంది: ప్లూటో అప్పుడు అదే రోజున అంత అందమైన ఫొటో వచ్చింది కదా, అరోకోత్‌కు ఎందుకు రాలేదు? 2015 జులై 14న అందరూ చూసిన, తెల్లటి హృదయాకారం ఉన్న ప్లూటో ఫొటో ఫ్లైబైలో తీసింది కాదు. అంతకు ముందు రోజు, 7 లక్షల 68 వేల కిలోమీటర్ల నుంచి తీసి, ఒకవేళ దాటేటప్పుడు నౌక దెబ్బతింటే కనీసం ఇదైనా చేతికి వస్తుందని ముందుగానే పంపించారు. ప్లూటో వ్యాసం 2,377 కిలోమీటర్లు. అదే లెక్క వేస్తే 600 పిక్సెళ్లకు పైనే. దాదాపు అదే దూరం నుంచి అరోకోత్ తొమ్మిది, పది పిక్సెళ్లు. పెద్ద గోళం నెలల తరబడి కొద్దికొద్దిగా విప్పారుతుంది. చిన్న శకలం దగ్గర ఆ మార్పంతా ఆఖరి ఒకటి రెండు రోజుల్లోనే జరిగిపోతుంది. సెకనుకు 14 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్తున్నప్పుడు ఒక్క రోజులో 12 లక్షల కిలోమీటర్లు కరిగిపోతాయి. అరోకోత్‌ను లోరీ మొదటిసారి పట్టుకున్నది 2018 ఆగస్టులో, 17 కోట్ల కిలోమీటర్ల నుంచి. కిక్కిరిసిన నక్షత్రాల నేపథ్యాన్ని తీసివేస్తే తప్ప కనిపించని చుక్క అది. డిసెంబర్ ఆఖరి వారం దాకా చుక్కగానే ఉంది.

ఇక లూసీకి వేద్దాం. దాని కెమెరా కూడా లోరీ కుటుంబానిదే, పిక్సెల్ కోణం దాదాపు అంతే. మొదటి ట్రోజన్ యూరిబేటిస్, ప్రణాళిక ప్రకారం తేదీ 2027 ఆగస్టు 12. వెడల్పు 64 కిలోమీటర్ల చుట్టుపక్కల, దాటే వేగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు. పది పిక్సెళ్లు రావాలంటే దూరం 12.8 లక్షల కిలోమీటర్లు ఉండాలి, అంటే దాటడానికి రెండున్నర రోజుల ముందు. నా సలహా ఏమిటంటే ఆగస్టు 12 రాత్రంతా మేలుకోవద్దు. 9 నుంచి చూడటం మొదలుపెట్టండి, ఆ తర్వాత వారమంతా రోజుకో గంట ఉంచుకోండి.

నిజమైన ఎదురుచూపు ఫొటోలు రాకముందే ఉంటుంది. ఒక చుక్క గురించి ఎంత తెలుసుకోగలం అన్నదే నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. అరోకోత్ కథలో అది ఎంత గొప్పగా జరిగిందో కాస్త విడమరిచి చెప్పాలి.

ఈ శకలాన్ని 2014 జూన్‌లో హబుల్ టెలిస్కోప్‌తో కనిపెట్టారు. న్యూ హొరైజన్స్ భూమి నుంచి బయలుదేరింది 2006 జనవరిలో. అంటే నౌక బయలుదేరే నాటికి దాని రెండో గమ్యం ఎవరికీ తెలియదు. కనిపెట్టాక కూడా చేతిలో ఉన్నది హబుల్ తీసిన కొన్ని చుక్కలు, వాటితో గీసిన కక్ష్య. పరిమాణం తెలియదు, ఆకారం తెలియదు. అలాంటి దానికి 3,500 కిలోమీటర్ల దూరంలోంచి నౌకను పంపాలి. ఖగోళ శాస్త్రవేత్త మార్క్ బ్యూయీ నాయకత్వంలోని బృందం ఆకల్టేషన్ల దారి పట్టింది. దూరపు నక్షత్రం ముందునుంచి శకలం వెళ్తే దాని నీడ భూమి మీద పడుతుంది. నీడ వెడల్పు శకలం వెడల్పుకు సమానం. కాబట్టి నీడ దారికి అడ్డంగా టెలిస్కోపులను వరుసగా నిలబెడితే, ఏ టెలిస్కోప్‌లో నక్షత్రం ఎంతసేపు ఆరిపోయిందో చూసి ఆకారం గీయవచ్చు.

2017 జూన్ 3న దక్షిణాఫ్రికాలో, అర్జెంటీనాలో టెలిస్కోపులు పెట్టారు. ఒక్కదానికీ నీడ దొరకలేదు. దొరక్కపోవడం కూడా సమాచారమే, అది అనుకున్నంత పెద్దది కాకపోవచ్చని తేలింది. జులై 17న అర్జెంటీనాలోని పటగోనియాలో, కొమొడోరో రివదావియా ప్రాంతంలో 24 టెలిస్కోపులు నిలబెట్టారు. ఒక్కోటి 40 సెంటీమీటర్లది, అంటే ఔత్సాహికుల చేతుల్లోనూ ఉండే సైజు. అక్కడ విపరీతమైన గాలి. స్థానికులు వీధి దీపాలు ఆర్పారు, హైవే మీద రాకపోకలు ఆపారు, లారీలను గాలికి అడ్డుగా నిలబెట్టారు. ఐదు టెలిస్కోపుల్లో నక్షత్రం ఆరి మళ్లీ వెలిగింది, మహా అయితే ఒక సెకను పాటు. ఒక్కో చోట నక్షత్రం ఆరి ఉన్న సమయాన్ని ఒక్కో గీతగా గీసి, ఆ ఐదు గీతలను పక్కపక్కన పేరిస్తే వచ్చిన ఆకారం గుండ్రంగా లేదు. రెండు ముద్దలు అతుక్కుని ఉండాలి, లేదా చాలా దగ్గరగా తిరిగే జంట అయినా కావాలి. నౌక చేరడానికి ఏడాదిన్నర ముందే, 650 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్న 36 కిలోమీటర్ల వస్తువు ఆకారాన్ని నేలమీది చిన్న టెలిస్కోపులు చెప్పేశాయి. ఆ గీతల పటం చూసిన రోజు నాకు కలిగిన ఆశ్చర్యం జనవరి 2 ఫొటో చూసినప్పటి ఆశ్చర్యానికి ఏమీ తీసిపోదు.

ఆకల్టేషన్లు టైమింగ్ చేసేవాడిగా ఒక మాట చెప్పాలి. ఎక్కువసార్లు మనకు దొరికేది ఖాళీ రికార్డింగే. మబ్బు, గాలి, నీడ కాస్త పక్కకు జరగడం, ఏదో ఒకటి. అయినా ఆ ఖాళీ రికార్డింగ్‌ను కచ్చితమైన సమయంతో పంపడం అలవాటు చేసుకున్నాను. నీడ ఇక్కడ పడలేదు అని చెప్పే గీత కూడా అంచును బిగిస్తుంది.

అరోకోత్ విషయంలో ఇంకో చిక్కుముడి ఉండేది. రెండు ముద్దలున్న పొడవాటి వస్తువు తిరుగుతుంటే దాని వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. పొడుగు వైపు కనిపించినప్పుడు ఎక్కువ, కొస వైపు కనిపించినప్పుడు తక్కువ. కానీ దగ్గరవుతున్న కొద్దీ నౌక కొలిచిన వెలుగులో చెప్పుకోదగ్గ హెచ్చుతగ్గులే లేవు. దుమ్ము కప్పేసిందా, చుట్టూ చిన్న చిన్న ఉపగ్రహాలున్నాయా అని రకరకాల ఊహలు వచ్చాయి. చివరికి తేలింది ఏమిటంటే, అది తిరిగే అక్షం దాదాపు నౌక వైపే చూస్తోంది. తిరుగుతున్న ఫ్యాన్‌ను సరిగ్గా ఎదురుగా నిలబడి చూస్తే రెక్కలు ఎటు తిరిగినా కనిపించే వైశాల్యం మారదు కదా, అలాగన్నమాట. దాదాపు 16 గంటలకు ఒకసారి తిరుగుతున్నా వెలుగు మారలేదు. ఇదంతా డిసెంబర్ ఆఖరి రోజుల దాకా తేలలేదు. అప్పట్లో నేను రోజూ చూసింది ఫొటోల కోసం కాదు, ఈ ముడి ఎలా విడిపోతుందా అని.

అందుకే నేను ప్రతి ఫ్లైబైకి ముందు ఒక కాగితం రాసి పెట్టుకుంటాను, మీరూ అలా చేయండి. పరిమాణం ఎంత, ఒకటా రెండా, గుంటలు ఎక్కువా తక్కువా, రంగు ఏమిటి, ఉపగ్రహం ఉందా? ప్రతి దాని పక్కన ఏ ఆధారంతో అలా అనుకుంటున్నారో రాయండి. ఆ ఆధారం రాయడమే అసలు పని. అది ఉంటే మొదటి ఫొటో వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో మీకే తెలుస్తుంది. ప్లూటో మీద చాలామంది పాత గుంటలతో నిండిన నిర్జీవ నేలను ఊహించారు. నైట్రోజన్ మంచు నదులు, మూడున్నర కిలోమీటర్ల ఎత్తున్న నీటి మంచు కొండలు, గుంటలే కనిపించని ఒక పెద్ద మైదానం బయటపడ్డాయి. 1989లో వాయేజర్ 2 నెప్ట్యూన్ చందమామ ట్రైటన్‌ను దాటినప్పుడే, ఇంత చలిలో కూడా నేల చురుగ్గా ఉండగలదని ఒక సూచన దొరికింది. దాన్ని గుర్తుపెట్టుకున్నవారికి ప్లూటో అంత వింతగా అనిపించలేదు.

టెన్షన్ గురించి. మీరు ప్రమాదం ఎంతుంటుందని కూడా అడిగారు. ఉంటుంది. ఆ వేగంలో మిల్లీగ్రాము బరువున్న రేణువు తగిలినా దాదాపు 100 జౌళ్ల శక్తి. కొన్ని మిల్లీమీటర్ల రాయి చాలు, నౌక పని అయిపోతుంది. అందుకే ఆఖరి వారాల్లో శకలం చుట్టూ వలయాలు, చిన్న ఉపగ్రహాలు ఉన్నాయేమోనని పొడవైన ఎక్స్‌పోజర్లతో వెతికారు. ఏదైనా కనిపిస్తే 10 వేల కిలోమీటర్ల దూరంలోంచి వెళ్లే రెండో దారి కూడా సిద్ధంగా ఉంచారు. 2018 డిసెంబర్ మధ్యలో, దారి శుభ్రంగా ఉందని నిర్ధారించుకుని 3,500 కిలోమీటర్ల దారికే కట్టుబడ్డారు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం ప్లూటోకు పది రోజుల ముందు, 2015 జులై 4. న్యూ హొరైజన్స్‌తో సంబంధం గంటకు పైగా తెగిపోయింది. తర్వాత తెలిసింది: ఫ్లైబై కమాండ్లను మెమరీలో రాసుకుంటున్న సమయంలోనే పాత డేటాను కుదించే పని కూడా పడి, ప్రధాన కంప్యూటర్ మీద భారం మించింది. అది సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, రెండో కంప్యూటర్ పగ్గాలు అందుకుంది. ఒక ప్రశ్న అడిగితే జవాబు రావడానికి తొమ్మిది గంటలు పట్టే దూరంలో, జాన్స్ హాప్కిన్స్ అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబొరేటరీలోని ఆపరేషన్స్ బృందం ఆలిస్ బోమన్ నాయకత్వంలో మూడు రోజుల్లో అన్నిటినీ మళ్లీ ఎక్కించి, జులై 7 నాటికి షెడ్యూల్‌ను అందుకుంది. దాటే ముందు వారం మీరు వార్తల్లో సేఫ్ మోడ్ అన్న మాట చూస్తే వెంటనే ఆశ వదులుకోవద్దు. నౌక తనను తాను కాపాడుకుని భూమి వైపు తిరిగి కూర్చోవడమే సేఫ్ మోడ్.

దాటిపోయిన తర్వాత ఓపిక కావాలి. అరోకోత్ దూరం నుంచి డేటా వచ్చే వేగం సెకనుకు సుమారు ఒకటి రెండు కిలోబిట్లు. మొత్తం కిందికి దించుకోవడానికి 20 నెలలు పడుతుందని ముందే చెప్పారు. అదీ కాక జనవరి మొదటి వారంలో సూర్యుడు అడ్డు రావడంతో కొన్ని రోజులు ప్రసారమే ఆగింది. కానీ ఆలస్యంగా వచ్చినవే కథను మార్చాయి. ఫిబ్రవరిలో, వెళ్లిపోతూ వెనక్కి తిరిగి తీసిన నెలవంక లాంటి ఫొటోలు విడుదలయ్యాయి. అరోకోత్ మాయం చేస్తున్న నక్షత్రాలను బట్టి దాని చీకటి వైపు అంచును గీస్తే, రెండు ముద్దలూ ఎవరూ ఊహించనంత చదునుగా ఉన్నాయి. మొదటి ఫొటో చూసి గుండ్రటి బంతులని అందరూ స్థిరపరచుకున్న మాట అలా మారిపోయింది. ఉపరితలం ఎర్రగా ఉందని, దాని మీద మిథనాల్ మంచు ఉందని తేలింది. అన్నిటికన్నా ముఖ్యమైనది రెండు ముద్దలూ కలిసే మెడ దగ్గర ఢీకొన్న పగుళ్లు లేకపోవడం. రెండూ మనిషి నడిచేంత నెమ్మదిగా వచ్చి ఆనుకున్నాయని, గులకరాళ్ల మేఘం తన బరువుకే కుంగి ముద్దగా మారితే గ్రహాల విత్తనాలు పుడతాయన్న వాదానికి ఇది బలమైన ఆధారమని శాస్త్రవేత్తలు రాశారు. 450 కోట్ల ఏళ్ల నాటి విషయం, జనవరి 1 రాత్రి చూస్తే తెలిసేది కాదు.

లూసీ దగ్గర ఈ నిరీక్షణ తక్కువ. 2023 నవంబర్ 1న అది డింకినేష్‌ను దాటితే మర్నాడే దానికో ఉపగ్రహం ఉందని ఫొటోల్లో తెలిసింది. కొన్ని రోజులకే ఆ ఉపగ్రహం కూడా రెండు ముద్దలు అతుక్కున్నదని బయటపడింది. డింకినేష్ మంచు శకలం కాదు, కుజుడికీ గురుడికీ మధ్య ఉన్న ప్రధాన పట్టీలోని రాతి శకలం. కానీ గమనించాల్సింది ఇది: దాటడానికి కొన్ని వారాల ముందు నుంచే దాని వెలుగులో తేడాలు కనిపించి, జంట కావచ్చన్న అనుమానం మొదలైంది. చుక్క ముందే చెబుతోంది.

యూరిబేటిస్ గురించి నా కాగితంలో ఉన్నవి మూడు. దీనికి క్వెటా అనే చిన్న ఉపగ్రహం ఉందని హబుల్ చిత్రాల్లో తేలింది కాబట్టి రెండింటి రంగు ఒకటేనా అన్నది మొదటిది. ఒక పెద్ద ఢీ వల్ల ముక్కలైన కుటుంబంలో ఇదే పెద్దది కాబట్టి, లోపలి పదార్థం ఎక్కడైనా బయటపడి ఉంటే అక్కడ మంచు జాడ ఉంటుందా అన్నది రెండోది. ట్రోజన్లలో చాలావరకు బొగ్గులా నల్లగా ఉంటాయి, లోపల మంచు ఉండవచ్చన్నది ఊహే తప్ప కళ్లతో చూసింది లేదు. కొత్తగా పడిన గుంటల అంచులు మిగతా నేల కంటే వేరే రంగులో ఉన్నాయా అన్నది మూడోది.

ఇక మీ టెలిస్కోప్. లూసీ రెండో ట్రోజన్ పాలిమెలేకు ఉపగ్రహం ఉందని తెలిసింది 2022 మార్చిలో, నేలమీది నుంచి చేసిన ఆకల్టేషన్‌లోనే. రెండు టెలిస్కోపులు అనుకోని చోట నక్షత్రం ఆరిపోవడం నమోదు చేశాయి. ఇలాంటి ఆకల్టేషన్ల అంచనాలు ముందుగా ప్రచురిస్తారు. మీ టెలిస్కోప్‌కు 20 సెంటీమీటర్లు, ఆపైన అద్దం ఉంటే ప్రకాశవంతమైన నక్షత్రాలున్న ఘట్టాలకు పనికొస్తుంది. వీడియో తీయగల కెమెరా, జీపీఎస్ నుంచి వచ్చే సమయ ముద్ర, ఈ రెండూ తప్పనిసరి. ఫోన్ గడియారాన్ని నమ్మి తీసిన రికార్డింగ్‌తో ఎవరూ గీత గీయలేరు. మొదట ప్రధాన పట్టీలోని పెద్ద శకలాలతో సాధన చేయండి, వాటి నీడలు వెడల్పు, దొరికే అవకాశం ఎక్కువ. ట్రోజన్ల నీడ మీ దగ్గరగా వస్తుందని అంచనా వెలువడితే, దారి మధ్యలోనే నిలబడాలని చూడకండి. అంచుల దగ్గర, నీడకు కాస్త బయట కూడా ఎవరో ఒకరు ఉండాలి. పాలిమెలే ఉపగ్రహం దొరికింది అలాంటి చోటే.